నాన్న క్యాసెట్లో జానకి గారి గొంతు అర శ్రుతి పైన ఎందుకుంది? మీ పెట్టెల్లోని పాటల కబుర్లు కూడా చెప్పండి

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. ఇంటికి సున్నాలు వేయిస్తున్నామంటే పోయిన నెల రాజమండ్రి వెళ్లాను. అటక మీద నుంచి రేకు పెట్టె ఒకటి దించారు. అందులో నాన్న క్యాసెట్లు, లెక్కపెడితే 64. సగం కంపెనీవి, సగం రికార్డింగ్ షాపులో చేయించుకున్నవి. తెల్లకాగితం మీద మనకి కావలసిన పాటలు వరసగా రాసిచ్చి ఖాళీ క్యాసెట్ ఇస్తే నాలుగైదు రోజుల్లో ఎక్కించి ఇచ్చేవాళ్లు, గుర్తుందా? నాన్న అట్ట మీద పాట మొదటి మాట, సినిమా పేరులో ముక్క, గాయని పేరులో ఒక అక్షరం రాసేవారు. "నీలి – బావా – జా" అంటే బావా మరదళ్లులో జానకి గారి "నీలి మేఘాలలో" అన్నమాట. "నిదు – ముత్యా – సు" అంటే ముత్యాల ముగ్గులో సుశీల గారి "నిదురించే తోటలోకి". మా ఇంట్లో అందరం ఆ భాష చదవగలం.

నేను చిన్నప్పటి నుంచి ఎక్కువ విన్నది 14వ నంబరు క్యాసెట్. అందులో ఎ సైడు వరస నాకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. "నీలి మేఘాలలో", తర్వాత "నిదురించే తోటలోకి", తర్వాత "ఆకులో ఆకునై", తర్వాత సితారలో "వెన్నెల్లో గోదారి అందం". ఇప్పటికీ ఎక్కడైనా "నిదురించే తోటలోకి" అయిపోతే నా చెవి "ఆకులో ఆకునై" మొదలవుతుందేమోనని చూస్తుంది. అది రాకపోతే ఏదో మెట్టు తప్పినట్టు ఉంటుంది.

అసలు విషయం ఇది. ఫోన్లో "వెన్నెల్లో గోదారి అందం" పెడితే నాకు ఎప్పుడూ పాట కాస్త దిగిపోయినట్టు, నెమ్మదిగా ఉన్నట్టు అనిపించేది. కొత్తగా ఏదో మార్చారేమో అనుకున్నాను. ఇప్పుడు పాత క్యాసెట్ బాగుచేసి రెండూ పక్కపక్కన పెట్టి విన్నా. తేడా కచ్చితంగా ఉంది. క్యాసెట్లోది పైన ఉంది, వేగంగా కూడా ఉంది. ఏది అసలుది? 64 క్యాసెట్లూ కంప్యూటర్‌లోకి ఎక్కిద్దామని మొదలుపెట్టా, అందుకే అడుగుతున్నాను. అలాగే మీ ఇళ్లలో ఉన్న వాటి గురించి కూడా రాయండి, వినాలని ఉంది.

హార్మోనియం మాస్టారు

బాబూ, రెండింటినీ హార్మోనియం మీద పట్టి చూడు. ఒక మెట్టు తేడా వస్తే, అంటే మనం అర శ్రుతి అనేది, వేగంలో దాదాపు 6 శాతం తేడా అన్నమాట. టేపు వేగం పెరిగితే శ్రుతీ పెరుగుతుంది, నడకా పెరుగుతుంది, రెండూ కలిసే వస్తాయి. నాలుగున్నర నిమిషాల పాట నాలుగుంపావులో అయిపోతుంది. గొంతు పీలగా, వయసు తగ్గినట్టు వినిపిస్తుంది.

కారణం చాలావరకు ఆ షాపు మిషనే అయ్యుంటుంది. క్యాసెట్ డెక్‌లో మోటారు నుంచి తిప్పేది రబ్బరు బెల్టు. రోజంతా తిరిగి తిరిగి బెల్టు సాగిపోతే టేపు నెమ్మదిగా నడుస్తుంది. నెమ్మదిగా నడిచే మిషన్ మీద ఎక్కించిన పాటని సరైన మిషన్ మీద వేస్తే వేగంగా వస్తుంది. వాళ్లకి వాళ్ల మిషన్ మీద బాగానే వినిపిస్తుంది, తేడా తెలియదు. ఎక్కించుకున్నవాడికే తెలుస్తుంది.

కానీ ముందు నీ డెక్ సంగతి తేల్చుకో. నాన్నగారి పెట్టెలో కంపెనీ క్యాసెట్ ఏదైనా తీసి అదే డెక్‌లో వెయ్యి. అది సరిగ్గా ఉండి ఇది మాత్రమే పైన ఉంటే తప్పు టేపుది. అదీ పైనే ఉంటే తప్పు నీ డెక్‌ది.

సన్నజాజి

ఈ వరస గురించి మీరు రాసింది చదివి కళ్లలో నీళ్లు తిరిగాయండీ. మా అక్కా నేనూ ఇప్పటికీ ఫోన్లో మాట్లాడుకుంటూ ఒకళ్లు ఒక పాట ఎత్తుకుంటే రెండోవాళ్లం క్యాసెట్లో తర్వాత వచ్చే పాట అందుకుంటాం. మా పిల్లలకి అర్థం కాదు, ఈ పాటకీ ఆ పాటకీ ఏం సంబంధం అంటారు. సంగీత దర్శకులు వేరు, సినిమాలు వేరు, మధ్యలో పదేళ్లు. సంబంధమల్లా మా అమ్మ కాగితం మీద అలా రాసివ్వడమే.

"నిదురించే తోటలోకి" గురించి ఒక్క మాట. ఆ పాట రాసింది గుంటూరు శేషేంద్రశర్మ గారు. ఆయన సినిమాకి రాసిన పాట అదొక్కటే. సంగీత దర్శకుడు మహదేవన్ గారు, కవి ముందు రాసిచ్చిన మాటలకే బాణీ కట్టేవారని అంటారు కదా, ఆ పాట వింటే అది తెలిసిపోతుంది. మాట ఎక్కడ ఆగాలో బాణీ అక్కడే ఆగుతుంది. సుశీల గారు "పాట ఒకటి వచ్చింది" అన్న చోట గొంతు పైకి ఎత్తరు, లోపలికి తీసుకుంటారు. పదిహేనేళ్ల వయసులో నాకది సాదా పాటలా అనిపించేది. పెళ్లయి ఊరు మారి, ఒక్కదాన్నే వంటింట్లో విన్నప్పుడు తెలిసింది అందులో ఏముందో.

బీసెంట్ రోడ్డు

మాది బెజవాడ. మా దగ్గర కొన్న క్యాసెట్ల కన్నా రేడియో నుంచి పట్టినవే ఎక్కువ. మా మేనమామ దగ్గర మైకు లోపలే ఉండే టేపురికార్డర్ ఉండేది. రేడియో ముందు పెట్టి ఇంట్లో అందర్నీ నోరు మూసుకోమనేవాడు. ఆకాశవాణి విజయవాడలో పొద్దున్నే భక్తిరంజని వచ్చేది, బాలమురళీకృష్ణ గారు ఆ కేంద్రంలో పనిచేసిన రోజుల నుంచీ దానికి పేరు. మామయ్య పట్టిన వాటిలో ఫ్యాన్ చప్పుడు ఉంది, ఒక చోట పాలవాడు గేటు కొట్టడం ఉంది. పాట చివర అనౌన్సరు గారు పేర్లు చెప్పేలోపే మామయ్య బటన్ నొక్కేసేవాడు, టేపు వృథా అవుతుందని. అందుకే ఆ పాటలు ఎవరు రాశారో మాకు చాలా ఏళ్లు తెలియలేదు. ఆయన ఇంకో పది సెకన్లు ఆగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇంకో వింత. మా 90 నిమిషాల క్యాసెట్లలో పాట మొదలవ్వడానికి రెండు సెకన్ల ముందు అదే పాట చాలా దూరం నుంచి, పక్క వీధిలో పాడుతున్నట్టు సన్నగా వినిపిస్తుంది. చిన్నప్పుడు భయపడేవాణ్ని. అది ఎందుకో ఎవరైనా చెప్తారా?

లక్క ప్లేటు

బీసెంట్ రోడ్డు గారూ, అది టేపు చుట్టల్లో పొర మీద పొర అంటుకుని ఉండటం వల్ల వస్తుంది. గట్టిగా రికార్డయిన భాగం అయస్కాంతం తాలూకు ముద్ర పక్క పొర మీద సన్నగా పడుతుంది. ఏళ్ల తరబడి కదపకుండా ఉంచితే ఎక్కువవుతుంది. 90 వాటిలో టేపు పల్చగా ఉంటుంది కాబట్టి వాటిలో ఎక్కువ. పాటకి ముందు నిశ్శబ్దం ఉంటుంది కనక అక్కడ చెవికి దొరుకుతుంది. ఎక్కించే ముందు ఒకసారి ఆ చివరి నుంచి ఈ చివరికి, మళ్లీ ఇటు చుట్టండి, కాస్త తగ్గుతుంది.

నా దగ్గరున్నవి మా తాతగారి గ్రామఫోన్ ప్లేట్లు, 78 వేగానివి, అంటే నిమిషానికి 78 చుట్లు తిరిగేవి. ఒక వైపు మూడు, మూడున్నర నిమిషాలే పడతాయి. ఘంటసాల గారి సినిమా పాటల కన్నా ఆయన ప్రైవేటు పాటలంటే నాకు ప్రాణం. కరుణశ్రీ గారి "పుష్పవిలాపం", దాశరథి గారి "తలనిండ పూదండ", కొనకళ్ల వెంకటరత్నం గారి "రావోయి బంగారి మామా". పద్యం పాడితే పక్కింటి పామరుడికి కూడా మాట మాట అందాలి అన్నట్టు పాడతారాయన. రాగం తీసేటప్పుడు కూడా పదం విరగదు. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర నేర్చుకున్న సంగీతం అది. సినిమాలో కథ ఉంటుంది, నటుడి మొహం ఉంటుంది. ఇక్కడ అవేవీ లేవు, ఆయనా ఆ పద్యమూ అంతే.

అవకాశం వచ్చింది కాబట్టి ఒక హెచ్చరిక. 78 ప్లేట్లని స్పిరిట్‌తో తుడవకండి. అవి లక్కతో చేసినవి, స్పిరిట్ తగిలితే లక్క కరుగుతుంది. క్యాసెట్ డెక్‌లో టేపుని చదివే హెడ్ తుడిచినట్టే కదా అని మా బావ ఒక ప్లేటు తుడిచాడు, పాట మొత్తం పోయింది. వాటికి సన్న సూది కూడా పనికిరాదు, గాడి వెడల్పుగా ఉంటుంది, దానికి వేరే సూది ఉంటుంది.

ఓరుగల్లు

మంచి ముచ్చట పెట్టిన్రు. మా ఇంట్ల పాటల పెట్టె అంటే ఒకటే క్యాసెట్, "మా భూమి" ది. 1980ల వచ్చిన సిన్మా. అందులో సుద్దాల హనుమంతు రాసిన "పల్లెటూరి పిల్లగాడా" ఉంది, గద్దర్ పాడిన "బండెనక బండి గట్టి" ఉంది. మా నాయన పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కొని కూసుంటే మొదలు అదే పెట్టేటోడు. "పల్లెటూరి పిల్లగాడా" అనేది జీతానికి పసుల కాసే పోరడి పాట. మా నాయన చిన్నప్పుడు అట్లనే జీతమున్నడు. ఆ పాట వచ్చినప్పుడు ఆయన మాట్లాడకపోయేది. మేం కూడా మాట్లాడకపోయేది.

శ్రుతి సంగతి నాకు కొత్తగ అనిపిస్తుంది. ఈ పాటలు రికార్డు కాకముందే ఊర్లల్ల పాడుకున్నవి. సంఘం రోజుల్ల, అంటే తెలంగాణ రైతుల పోరాటం నడిచినప్పుడు, ఒక్కొక్కరు ఒక్కో తీరుగ, తమ గొంతు ఎంత లేస్తే అంత పాడిన్రు. వాటికి ఇదే అసలు శ్రుతి అని ఎట్ల చెప్తం? మా క్యాసెట్ అరిగి అరిగి ఒకచోట ఊగుతది. మా చెల్లె ఇప్పటికీ ఆ పాటని అక్కడ ఊపి పాడుతది.

మస్కట్ శ్రీను

ఓరుగల్లు అన్నా, చివరి మాట చాలా బాగుంది.

నాది శంకరాభరణం, కంపెనీ క్యాసెట్. 90ల్లో ఇక్కడికి వచ్చేటప్పుడు బట్టల మధ్య పెట్టి తెచ్చుకున్నాను. సైటుకి వెళ్లే వ్యాన్‌లో మలయాళీలు, పాకిస్తాన్ వాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు ఉండేవారు. "ఓంకార నాదానుసంధానమౌ" పెడితే ఎవరూ తీసెయ్యమనేవారు కాదు. ఒకాయన, పెషావర్ నుంచి, నా వైపు తిరిగి చెయ్యి గాల్లో తిప్పి ఇంకోసారి పెట్టమనేవాడు. బాలు గారు శాస్త్రీయంగా గురువు దగ్గర నేర్చుకోలేదన్నది అందరికీ తెలిసిందే, ఆ పాటకి జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. వాణీ జయరామ్ గారికీ అదే సినిమాలో "మానస సంచరరే"కి వచ్చింది. మహదేవన్ గారికీ వచ్చింది.

ఆ సినిమా 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. విశ్వనాథ్ గారు 2023లో అదే ఫిబ్రవరి 2న పోయారు. రెండు రోజులకి వాణీ జయరామ్ గారూ వెళ్లిపోయారు. ఆ వారం నేను డ్యూటీ అయ్యాక కారులో కూర్చుని "మానస సంచరరే" ఒక్కటే వింటూ ఉండిపోయాను, రూముకి వెళ్లబుద్ధి కాలేదు.

గోదారిగట్టు

మాస్టారూ, మీరు చెప్పినట్టే చేశాను. కంపెనీ క్యాసెట్ సాగర సంగమం దొరికింది. అది ఫోన్లో పాటతో కచ్చితంగా కలిసింది. 14వ నంబరు మాత్రం మెట్టు పైన. అంటే షాపు మిషనే. మొత్తం చూస్తే ఆ షాపులో ఒకే ఏడాది చేయించిన ఏడు క్యాసెట్లు ఇలాగే ఉన్నాయి. ఆ తర్వాతివి బాగున్నాయి, బెల్టు మార్చారేమో.

14వ క్యాసెట్ బాగుచేసిన విధానం రాస్తాను, ఎవరికైనా పనికొస్తుంది. టేపు మొదట్లోనే తెగిపోయి ఉంది. చిన్న స్క్రూలు ఐదు విప్పి, మూత జాగ్రత్తగా ఎత్తాను. తెగిన రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి పెట్టి ఏటవాలుగా బ్లేడుతో కోసి, కొసలు కలిపి వెనక వైపు అంటించాను. మామూలు సెల్లోటేపు వాడొద్దు, దాని జిగురు ఎండకి కరిగి హెడ్‌కి పట్టుకుంటుంది, అందుకే టేపు అతికించడానికి ఉండే సన్నటిదే తెప్పించాను. హెడ్‌కి టేపు ఆనించే చిన్న స్పాంజి ముక్క ఊడిపోయి ఉంది, పనికిరాని క్యాసెట్ నుంచి ఇంకోటి తీసి పెట్టాను. పెన్సిల్‌తో చుట్టి బిగువు చూసి ప్లే నొక్కితే సర్రుమని కాసేపు, ఆ తర్వాత జానకి గారు. నా చేతులు వణికాయి.

ఇప్పుడు ప్రశ్న. కంప్యూటర్లో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌తో వేగం సరిచెయ్యడం సులువే. చెయ్యాలా వద్దా? నాకు తెలిసిన పాట ఇదే. సరిచేస్తే అది అందరి దగ్గరా ఉన్న పాట అయిపోతుంది.

హార్మోనియం మాస్టారు

నువ్వు బాధపడినా సరే, నా అభిప్రాయం చెప్తాను. సరిచెయ్యాలి. ఇళయరాజా గారు ఒక శ్రుతి నిర్ణయించుకుని, వేటూరి గారి మాటలకి ఒక నడక నిర్ణయించుకుని చేసిన పాట. ఆ పాటకి జానకి గారికి జాతీయ అవార్డు వచ్చింది. ఆవిడ ఊపిరి ఎక్కడ తీసుకున్నారు, ఎంతసేపు నిలిపారు అన్నది ఆవిడ కష్టం. 6 శాతం వేగం పెంచితే ఆ నిలుపు తగ్గిపోతుంది. సాగిపోయిన బెల్టు ఇచ్చిన శ్రుతిని ఆవిడ శ్రుతి అనుకోవడం నాకు మనసొప్పదు. ముప్పై ఏళ్లు పిల్లలకి పాఠం చెప్పాను, శ్రుతి విషయంలో నేను వెనక్కి తగ్గలేను.

సన్నజాజి

మాస్టారూ, మీ మాట కాదనను. కానీ ఉన్నది ఉన్నట్టుగా ఒక కాపీ ఉంచుకోవాలి కదండీ. సరిచేసినది ఎప్పుడైనా చేసుకోవచ్చు, క్యాసెట్ మళ్లీ తెగితే ఇది మాత్రం దొరకదు.

లక్క ప్లేటు

సన్నజాజి గారితో నేనూ ఏకీభవిస్తాను. మొదట ఏమీ ముట్టుకోకుండా, కుదించని ఫైలుగా ఎక్కించండి. ఎంపీ3 తర్వాత చేసుకోవచ్చు. ఇంకొకటి, చప్పుడు తీసే ఫిల్టర్లు ఎక్కువ వాడకండి. బుస్సుమనే శబ్దం పోతుంది కానీ దానితో పాటు గాయని ఊపిరి, తంబురా చివర మిగిలే నాదం కూడా పోతాయి. గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు అవుతుంది. ఎక్కించే ముందు హెడ్ పక్కనున్న చిన్న స్క్రూ కొద్ది కొద్దిగా తిప్పుతూ వినండి, ఒక చోట తాళాల చప్పుడు తేటగా విచ్చుకుంటుంది, అక్కడ ఆపండి. ఒక్కో క్యాసెట్‌కి ఒక్కోలా ఉంటుంది. ఓపిక కావాలి, కానీ సగం పని అక్కడే అయిపోతుంది.

బీసెంట్ రోడ్డు

మామయ్య క్యాసెట్లు నేనూ అలాగే ఉంచుతాను, పాలవాడు గేటు కొట్టడంతో సహా. పొర ముద్ర గురించి చెప్పినందుకు లక్క ప్లేటు గారికి ధన్యవాదాలు, నలభై ఏళ్ల సందేహం తీరింది.

గోదారిగట్టు

నిన్న ఆదివారం జరిగింది రాస్తాను. రెండు కాపీలూ చేశాను. నాన్నకి 78 ఏళ్లు, వినికిడి ఇంకా బాగానే ఉంది. హాల్లో కూర్చోబెట్టి ముందు 14వ క్యాసెట్‌లోది ఉన్నది ఉన్నట్టుగా వినిపించాను. తల ఊపుతూ విన్నారు. తర్వాత సరిచేసినది పెట్టాను. పల్లవి అవ్వకుండానే కుర్చీలో ముందుకి వంగారు. "ఇదిరా హాల్లో విన్నది" అన్నారు.

1984లో సితార హాల్లో చూసి వచ్చాక ఆ పాట కోసమే ఆ క్యాసెట్ చేయించారట. ఇంటికి తెచ్చి వేసిన మొదటి రోజే తేడా తెలిసిపోయిందట, జానకి గొంతు పీలగా ఉందని. షాపుకి తీసుకెళ్తే మా మిషన్ మీద బాగానే ఉంది, మీ టేపురికార్డరే పాడైంది అని పంపించేశారట. అప్పట్లో మళ్లీ చేయించుకోవడానికి ఖర్చు. అలాగే ఉంచేశారు.

మరి ఇన్నేళ్లలో మాకెప్పుడూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరిద్దరూ దాని మీదే ఎగిరేవాళ్లు కదా, అది తప్పు అని ఎలా చెప్పను" అన్నారు.

సరిచేసినది మూడుసార్లు పెట్టించుకున్నారు. నేను మధ్యలో లేచి వంటింట్లోకి వెళ్లాను. నేను ఎరిగినది ఈ పాట కాదు, అయినా ఆయన నలభై ఏళ్లుగా ఇది వినాలనుకున్నారు. చెల్లికి రెండు ఫైళ్లూ పంపాను, దానికి మాత్రం వేగంగా ఉన్నదే కావాలట.

హార్మోనియం మాస్టారు

నాన్నగారికి నా నమస్కారం చెప్పు బాబూ. ఆ రోజుల్లో అలా చెవితో పట్టుకోవడం మాటలు కాదు. ఆయన ఏమైనా వాయిస్తారా?

గోదారిగట్టు

వాయించరు మాస్టారూ, వినడమే. చెప్తాను తప్పకుండా. ఈ రాత్రి బి సైడు ఎక్కిస్తున్నాను. అందులో చివరి పాట మేఘసందేశంలోని "ఆకాశ దేశాన", ఏసుదాసు గారిది. రెండో చరణం మధ్యలో టేపు అయిపోయి టక్కుమని ఆగిపోతుంది. ఇంటర్నెట్‌లో మొత్తం ఉందని తెలుసు. కానీ నాన్న దాని గురించి కూడా ఏమైనా చెప్తారేమో, ముందు ఆయన పక్కన కూర్చుని ఆ టక్కు దాకా వింటాను.